హెచ్‌ఐవీకి ఏళ్ల తరబడి వైద్యం: తిరుపతి ప్రాంతంలోని ఒక ఏఆర్‌టీ కేంద్రంపై సమీక్ష

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ వైద్యం) కేంద్రాల్లో ఒకదానిలో మా పెద్దక్క 2007 నుంచి హెచ్‌ఐవీకి మందులు వాడుతోంది. తోడుగా వెళ్లేది ఎక్కువగా నేనే కాబట్టి ఆ కేంద్రం పనితీరును దగ్గర నుంచి చూసే వీలు నాకు కలిగింది. లాడ్జీల మీద, టిఫిన్ హోటళ్ల మీద, కొండకు తీసుకుపోయే జీపుల మీద అభిప్రాయాలు కుప్పలు తెప్పలుగా దొరికే మన ప్రాంతంలో, జీవితాంతం మందు వాడవలసినవాళ్లు వెళ్లే చోటు గురించి నాలుగు ముక్కలు రాసినవారు కనబడరు. ఎందుకు రాయరో అందరికీ తెలుసు. అక్క చదివి సరేనన్న తర్వాతే దీన్ని బయటపెడుతున్నాను. కేంద్రం పేరు, అది ఉన్న ఊరు మాత్రం చెప్పను. చెబితే అక్కడి బెంచీల మీద కూర్చునే ప్రతివారి వైపూ వేలు చూపినట్టవుతుంది.

వసతుల సంగతి త్వరగా ముగిస్తాను. గది ఇరుకు, ఫ్యాన్లు తిరుగుతాయి, తాగునీరు ఉంటుంది, మరుగుదొడ్డి ఉన్నా లేనట్టే. ఓపీ చీటీ రాయించుకోవడం మొదలు మందులు చేతికి వచ్చేదాకా సగం పూట పడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రికి అలవాటు పడినవారికి ఇందులో కొత్తేమీ లేదు. ఇలాంటి చోటును కుర్చీలను బట్టి, ఒక్క రోజు అనుభవాన్ని బట్టి తూచడం సరికాదని నా అభిప్రాయం. పదేళ్లు, పదిహేనేళ్లు ఇక్కడి మందు వాడిన మనిషి ఇప్పుడు ఎలా ఉన్నారు, నడవగలుగుతున్నారా, గుండె, మూత్రపిండాలు, ఎముకలు ఎలా ఉన్నాయి అన్నదే ఈ సేవకు అసలు పరీక్ష. ఆ కొలతతో చూస్తే, మనుషులను చావు నుంచి కాపాడడంలో ఈ కేంద్రం గొప్పగా నెగ్గింది. అలా కాపాడిన మనుషులకు వయసు మీద పడుతోందన్న సంగతిని మాత్రం ఇంకా సరిగ్గా పట్టించుకోవడం లేదు.

నెగ్గిన సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి కుర్రవాళ్లకు అది ఎంత పెద్ద మార్పో తెలియదు. మన దేశంలో తొలి హెచ్‌ఐవీ కేసులు 1986లో చెన్నైలో బయటపడ్డాయి. మద్రాసు మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ సునీతి సోలోమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల సేకరించిన రక్త నమూనాలను పరీక్షించింది చిత్తూరుకు ఆనుకుని ఉన్న వేలూరులోని సీఎంసీ ఆసుపత్రిలోనే. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాల పాటు మన వైపు మనుషులకు ఉన్న దారులు రెండే: డబ్బున్నవారికి వేలూరు, లేనివారికి చెన్నై దగ్గరి తాంబరంలోని ప్రభుత్వ ఆసుపత్రి. కేంద్ర ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1న ఉచితంగా మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. మా బావకు ఆ మందు అందేలోపే పరిస్థితి చేయి దాటిపోయింది. అక్కకు అందింది. అప్పటికి ఆమె రక్తంలో సీడీ4 కణాల (రోగనిరోధక శక్తినిచ్చే కణాల) సంఖ్య 200 లోపుంది. ఆ రోజుల్లో ప్రధానంగా అలా దిగజారినవారికే మందు మొదలుపెట్టేవారు.

ఈ ఆలస్యం ఖరీదు ఎంతో వైద్యశాస్త్రం తర్వాత తేల్చింది. స్టార్ట్ అనే పెద్ద అధ్యయనం 35 దేశాల్లో 4,685 మందిని పరిశీలించి, సీడీ4 500 పైన ఉన్నప్పుడే మందు మొదలుపెట్టినవారిలో తీవ్రమైన జబ్బులు, మరణాలు, ఆగి మొదలుపెట్టినవారితో పోలిస్తే 57 శాతం తక్కువని 2015లో చూపింది. మన దేశంలో కూడా 2017 నుంచి సీడీ4తో సంబంధం లేకుండా, పరీక్షలో పాజిటివ్ అని తేలగానే మందు ఇస్తున్నారు. యూరప్, ఉత్తర అమెరికా అధ్యయనాల ప్రకారం, రోగనిరోధక శక్తి బాగా పడిపోకముందే చికిత్స మొదలుపెట్టి క్రమం తప్పకుండా వాడేవారి ఆయుర్దాయం మిగతా జనాభా ఆయుర్దాయానికి చాలా దగ్గరగా వచ్చింది. మా అక్కలాగా 200 లోపు మొదలుపెట్టినవారికి ఆ లెక్క అంత అనుకూలంగా ఉండదు. వారి సీడీ4 పెరిగినా చాలామందిలో పూర్తిగా కోలుకోదు, మిగతా జబ్బుల ముప్పు కొంత వెంటే ఉంటుంది. అంటే ఈ కేంద్రంలో ఒకే వరుసలో నిలబడే ఇద్దరిలో, 2009లో చేరినవారి శరీరం వేరు, 2019లో చేరినవారి శరీరం వేరు. ఇద్దరి చేతిలోనూ ఇప్పుడు అదే డబ్బా ఉంటుంది. ఇద్దరికీ చేయవలసిన పరీక్షలు మాత్రం ఒకటి కావు.

మందుల చరిత్ర కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పాత మందుల గుర్తులు పాత రోగుల ఒంటి మీద ఇప్పటికీ ఉన్నాయి. మొదట్లో ఇచ్చిన మాత్రలో స్టావుడిన్ ఉండేది. చౌక మందు, ప్రాణాలు నిలబెట్టిన మందు, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను. కానీ కొన్నేళ్లు వాడేసరికి దవడలు లోపలికి పోయి, చేతులు, కాళ్లు పుల్లల్లా సన్నబడి, పొట్ట మాత్రం ముందుకొచ్చేది. చుట్టుపక్కలవాళ్లకు అనుమానం వచ్చేది జబ్బు వల్ల కాదు, ఆ ముఖం వల్ల. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు దానికి తోడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఆ మందును క్రమంగా మానిపించమని సూచించింది. మానిపించిన తర్వాత కూడా అక్క అరికాళ్ల మంట పూర్తిగా పోలేదు. ఈనాటికీ ఎండాకాలంలో తడిగుడ్డ చుట్టుకుని పడుకుంటుంది. తర్వాత వచ్చిన జిడోవుడిన్ కొందరిలో రక్తం తగ్గించేది, గోళ్లు నల్లబడేవి. ఆ తర్వాత టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిపిన రాత్రి మాత్ర వచ్చింది. దానితో తల తిరగడం, వింత కలలు. 2020 తర్వాత ఎఫావిరెంజ్ స్థానంలో డోల్యుటెగ్రవిర్ వచ్చింది. కేంద్రంలో అందరూ టీఎల్‌డీ అని పిలిచే ఈ కలిపిన మాత్ర రోజుకు ఒకటి వేసుకుంటే చాలు. వైరస్ దీనికి ఎదురుతిరిగే అవకాశం చాలా తక్కువ. వేసుకున్నట్టే తెలియదని అక్క అంటుంది.

ఈ మార్పులన్నీ కేంద్రం చేతిలోనివి కావు, పై నుంచి వచ్చినవి. కానీ ప్రతి మార్పప్పుడూ ఎందుకు మారుస్తున్నారో, కొత్త మాత్రతో ఏమి జరగవచ్చో కూర్చోబెట్టి చెప్పింది ఇక్కడి కౌన్సెలర్లు, నర్సులే. ఎఫావిరెంజ్ మొదలుపెట్టిన వారంలో భయపడి మందు మానేయబోయిన అక్కకు, “కలలకు భయపడి మాత్ర మానుకుంటారా అమ్మా, రెండు వారాలు ఓర్చుకోండి, తగ్గిపోతాయి, తగ్గకపోతే నేనే డాక్టరమ్మ దగ్గరికి పిలుచుకుపోతా” అని చెప్పిన కౌన్సెలర్ అప్పటికి ఇరవై ఏడెనిమిదేళ్ల అమ్మాయి. ఆ మాటే అక్కను నిలబెట్టింది. అలా మానేసినవారి గతి ఏమవుతుందో ఊహించవలసిన పనిలేదు. 5,472 మందితో జరిగిన స్మార్ట్ అధ్యయనం, మధ్య మధ్యలో మందు ఆపి మొదలుపెట్టేవారిలో మరణాలే కాక గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు కూడా పెరిగాయని 2006లోనే తేల్చింది. అందువల్ల మందు తెగకుండా చూడడమే ఈ సేవలో మొదటి మెట్టు.

ఆ విషయంలో ఈ కేంద్రానికి పదికి తొమ్మిది ఇస్తాను. నిలకడగా ఉన్నవారికి మూడు నెలల మందు ఒకేసారి ఇస్తున్నారు. పలమనేరు, కుప్పం, సత్యవేడు వంటి దూరపు చోట్ల నుంచి, కూలి పని వదులుకుని వచ్చేవారికి ఇది ఎంత మేలో వేరే చెప్పాలా? మిగిలిన మాత్రలు లెక్కపెడతారు, తేదీ దాటితే ఫోను చేస్తారు. తగ్గించిన ఒక్క మార్కు 2022 సంవత్సరానిది. ఆ ఏడాది దేశంలో పలుచోట్ల మందుల కొరత వచ్చి, బాధితులు ఢిల్లీలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం దగ్గర వారాల తరబడి ధర్నా చేశారు. ఆ రోజుల్లో మాకు మూడు నెలలకు బదులు కొద్ది రోజుల మందే చేతిలో పెట్టారు, ఎందుకో మాత్రం చెప్పలేదు. మందు పూర్తిగా ఆగలేదు. అయినా కారణం చెప్పి ఉంటే, వరుసలో నిలబడినవాళ్లు ఒకరికొకరు వదంతులు చెప్పుకునే అవసరం ఉండేది కాదు.

రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష విషయానికి వస్తే, మొదట్లో అది అందని పండు. మందు పనిచేస్తోందో లేదో సీడీ4 చూసి ఊహించేవారు. ఇప్పుడు ఏడాదికి ఒకసారి చేస్తున్నారు. ఫలితం రావడం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తర్వాతి సారి వెళ్లినప్పుడే తెలుస్తుంది. అయితే ఆ ఫలితాన్ని చెప్పే తీరు ఇంకా మెరుగుపడాలి. వైరస్ గుర్తించలేనంత తక్కువగా ఉంటే లైంగిక సంబంధం ద్వారా అది ఎదుటివారికి సోకదని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చాయి. అందులో మొదటి గట్టి రుజువు ఇచ్చిన 2011 నాటి అధ్యయనంలో 1,763 జంటలు పాల్గొన్నాయి, అది జరిగిన చోట్లలో చెన్నై, పుణె కూడా ఉన్నాయి. ఇంత మంచి వార్తను మా కేంద్రంలో “బాగుందమ్మా, ఇట్లే వాడుకో” అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నారు. పెళ్లి కావలసిన పిల్లలు, భర్తకు జబ్బు లేకుండా తమకు మాత్రమే ఉన్న ఇల్లాళ్లు ఆ వరుసలో ఎంతమంది ఉంటారో సిబ్బందికి తెలియనిది కాదు. ఈ సంగతి విడమరచి చెబితే వారి భుజాల మీది బరువు సగం దిగుతుంది.

ఇక అసలు విషయం. వెళ్లిన ప్రతిసారీ నర్సు తప్పకుండా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది: దగ్గు ఉందా, జ్వరం ఉందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? ఇవి క్షయను కనిపెట్టడానికి. హెచ్‌ఐవీ ఉన్నవారి ప్రాణాలు తీసే జబ్బుల్లో క్షయదే మొదటి స్థానం కాబట్టి, ఈ ప్రశ్నలు మరచిపోకుండా అడగడాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. క్షయ రాకుండా ఐసోనియాజిడ్ మాత్రలు కూడా అక్కకు ఇక్కడే ఇచ్చారు. కానీ అక్క వయసు ఇప్పుడు యాభై దాటింది. ఆమె రాత్రి చెమటలకు కారణం క్షయ కాదు, ముట్లు ఆగే వయసు. ఆమె బరువు తగ్గడం లేదు, పెరుగుతోంది. ఆ నాలుగు ప్రశ్నలకూ “లేదు” అని చెప్పి బయటికి వచ్చే మనిషికి షుగరు, బీపీ రెండూ ఉన్నాయన్న సంగతి కేంద్రంలోని పుస్తకంలో చాలా కాలం ఎక్కలేదు. ఆ రెండూ బయటపడింది బయటి ల్యాబులో, మేము డబ్బు పెట్టి చేయించిన పరీక్షల్లో.

డోల్యుటెగ్రవిర్ వాడేవారిలో బరువు పెరగడం తెలిసిన సంగతే. దక్షిణాఫ్రికాలో జరిగిన అడ్వాన్స్ అధ్యయనంలో అది మహిళల్లో మరీ ఎక్కువగా కనిపించింది. మన వైపు మూడు పూటలా అన్నం, సంగటి తిని, పొలం పనులు మానేసి ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లలో ఆ బరువు తిన్నగా షుగరుకు దారితీస్తే ఆశ్చర్యం లేదు. ఎన్నో ఏళ్లు చిక్కి శల్యమై ఉన్న మనిషి ఒళ్లు చేస్తుంటే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు, కేంద్రంలో బరువు చూసే సిబ్బంది కూడా సంతోషిస్తారు. ఆ సంతోషంలో నడుము చుట్టుకొలత ఎవరూ చూడరు. అక్కకు షుగరు ఉందని తెలిసిన తర్వాత ఒక ప్రైవేటు డాక్టరు మెట్‌ఫార్మిన్ రాశారు. హెచ్‌ఐవీ మందు వాడుతున్న సంగతి ఆయనకు చెప్పడానికి అక్క ఒప్పుకోలేదు. వెనుక కూర్చున్న రోగులు వింటారని భయం. డోల్యుటెగ్రవిర్ శరీరంలో మెట్‌ఫార్మిన్ స్థాయిని బాగా పెంచుతుంది కాబట్టి, రెండూ వాడేవారికి మెట్‌ఫార్మిన్ సాధారణంగా రోజుకు 1,000 మిల్లీగ్రాములు మించనివ్వరు. ఆయన రాసింది అంతకు రెట్టింపు. వాంతులు, విరేచనాలతో అక్క నీరసపడిపోయిన తర్వాత, ఏఆర్‌టీ కేంద్రంలోని ఫార్మసిస్టు ఆ చీటీ చూసి పట్టుకుని, కేంద్రం డాక్టరుతో మాట్లాడించి మోతాదు తగ్గించే ఏర్పాటు చేశాడు. ఆయన శ్రద్ధకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కానీ ఆ రోజు ఆ చీటీ అక్క సంచిలో ఉండడం, ఆయన దాన్ని అడిగి చూడడం రెండూ కాకతాళీయం. “వేరే ఏం మందులు వాడుతున్నారు?” అన్న ప్రశ్న ఆ నాలుగు ప్రశ్నల పక్కన రాసి ఉంటే కాకతాళీయంతో పనిలేదు.

ఐరన్, కాల్షియం మాత్రలు, గ్యాస్‌కు తాగే మందుల సంగతి కూడా ఇలాంటిదే. ఇవి డోల్యుటెగ్రవిర్ ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. వీటికి రెండు గంటలు ముందుగా గానీ, వేసుకున్న ఆరు గంటల తర్వాత గానీ టీఎల్‌డీ వేసుకోవాలి. ఐరన్, కాల్షియం అయితే భోజనంతో పాటు కలిపి వేసుకోవచ్చు, పరగడుపున కలిపి వేసుకోకూడదు. కడుపులో మంటకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని తాగే అలవాటు మనవాళ్లలో ఎంత ఉందో తెలిసినవారు, ఈ ఒక్క ముక్క తెలుగులో పెద్ద అక్షరాలతో మందులిచ్చే కిటికీ పక్కన అంటించి ఉంటే బాగుండునని నాలాగే అనుకుంటారు. మా కేంద్రంలో ఆ గోడ మీద చేతులు కడుక్కోవడం గురించిన బొమ్మ ఉంది.

మూత్రపిండాల విషయంలో కేంద్రం పనితీరు నాకు నచ్చింది. టెనోఫోవిర్ కొందరిలో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది కాబట్టి క్రియాటినిన్ పరీక్ష క్రమంగా చేస్తున్నారు. టీఎల్‌డీకి మారిన కొత్తలో అక్క క్రియాటినిన్ కొంచెం పెరిగినప్పుడు బంధువుల్లో ఒకరు చూసి, కిడ్నీలు పోతున్నాయి, మందు ఆపేయండి అని కంగారు పెట్టారు. కేంద్రం డాక్టరు మాత్రం, డోల్యుటెగ్రవిర్ క్రియాటినిన్ మూత్రంలోకి పోయే దారిని కొంత అడ్డుకోవడం వల్ల ఆ అంకె స్వల్పంగా పెరుగుతుందని, అది కిడ్నీ చెడిపోవడం కాదని, అయినా మూత్రంలో ప్రోటీను చూసి మళ్లీ పరీక్ష చేద్దామని నిదానంగా చెప్పారు. మళ్లీ చేసినప్పుడు అది అక్కడే నిలిచింది. ఇంకొక సంగతి కూడా ఆయనే చెప్పారు: టెనోఫోవిర్, లామివుడిన్ రెండూ హెపటైటిస్ బీ వైరస్‌ను కూడా అణచిపెడతాయి, కాబట్టి ఆ జబ్బు కూడా ఉన్నవారు ఎవరో చెప్పారని మందు హఠాత్తుగా ఆపితే కాలేయం ఒక్కసారిగా దెబ్బతినవచ్చు. ఇలాంటి డాక్టరు ఉన్న రోజు ఈ కేంద్రం ఏ పెద్ద ఆసుపత్రికీ తీసిపోదు. చిక్కంతా డాక్టర్లు తరచూ మారిపోవడంతోనే.

ఎముకలు, గుండె దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి వేరు. టెనోఫోవిర్ మొదలుపెట్టిన ఒకటి రెండేళ్లలో ఎముక సాంద్రత కొద్దిగా తగ్గి తర్వాత నిలకడపడుతుంది. ముట్లు ఆగిన ఆడవారిలో దానికి వయసు తోడవుతుంది. ఎముక సాంద్రత పరీక్ష అందరికీ చేయించమని నేను అడగను, అది ఖర్చుతో కూడినది. కానీ ఇంట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్న యాభై ఏళ్ల మనిషి చేతికి పట్టీతో వచ్చి కూర్చుంటే, అది ఎలా విరిగిందని అడగడానికి ఖర్చేముంది? గుండె విషయంలో, హెచ్‌ఐవీ ఉన్నవారికి గుండెపోటు ముప్పు ఇతరులకన్నా సుమారు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు ఎక్కువని చాలాకాలంగా తెలుసు. మందుతో వైరస్ అణగి ఉన్నా శరీరంలో సన్నని వాపు లాంటిది కొనసాగడం దానికి ఒక కారణం. 2023లో వెలువడిన రిప్రీవ్ అధ్యయనం, 40 నుంచి 75 ఏళ్ల మధ్య వయసున్న 7,769 మందిలో, పిటవస్టాటిన్ అనే కొవ్వు తగ్గించే మాత్ర గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ఘటనలను 35 శాతం తగ్గించిందని చూపింది. ఆ అధ్యయనంలో మన దేశంవారు కూడా ఉన్నారు. మా కేంద్రంలో కొవ్వు పరీక్ష చేయించుకోమని చీటీ రాసి పంపుతారు, ఫలితం తెచ్చారా అని అడిగేవారు లేరు. బీపీ చూసే యంత్రం బల్ల మీదే ఉంటుంది. అడిగితే చూస్తారు, అడగకపోతే చూడరు. అదే ఆవరణలో షుగరు, బీపీలకు వేరే క్లినిక్ నడుస్తోంది, మందులు అక్కడ కూడా ఉచితమే. ఆ రెండు గదుల మధ్య దూరం నడిస్తే రెండు నిమిషాలు, కాగితాలు మాత్రం ఈ గది నుంచి ఆ గదికి చేరవు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు బీపీ, షుగరు, కొవ్వు చూడమని చెబుతూనే ఉన్నాయి. కొరత ఆదేశాల్లో లేదు.

ఆడవారికి సంబంధించిన ఒక సంగతి విడిగా చెప్పాలి. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు ముప్పు మిగతావారికన్నా సుమారు ఆరు రెట్లు ఎక్కువ. ముందుగా కనిపెడితే పూర్తిగా నయం చేయగలిగిన జబ్బు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరికి 25 ఏళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకొకసారి పరీక్ష చేయమంటోంది. ఇన్నేళ్లలో అక్కకు ఈ మాట చెప్పింది ఒకే ఒక్క నర్సు, అది కూడా బదిలీ అయ్యే ముందు. అక్క వెళ్లి చేయించుకుంది, ఏమీ లేదని వచ్చింది. ఆమెతో పాటు అదే బెంచీ మీద కూర్చునే తోటివారిని అడిగితే చాలామందికి అలాంటి పరీక్ష ఉందనే తెలియదు. ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు తగ్గిస్తున్నది ఇక్కడే.

గోప్యత మీద నా అభిప్రాయం మిశ్రమం. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అనుమతి లేకుండా ఒకరి జబ్బు సంగతి బయటపెట్టడం, ఉద్యోగంలో గానీ, ఆసుపత్రిలో గానీ వివక్ష చూపడం దాని ప్రకారం నిషిద్ధం. లోపలి సిబ్బంది ఆ మర్యాద పాటిస్తారు, పేరు పెట్టి గట్టిగా పిలవరు, బయట ఎదురుపడితే ముందుగా పలకరించరు. కానీ గది ఉన్న చోటు, దాని ముందున్న బోర్డు రెండూ దూరం నుంచే చెప్పేస్తాయి. అందుకే శ్రీకాళహస్తివాళ్లు ఇంకో ఊరికి, ఆ ఊరివాళ్లు శ్రీకాళహస్తి వైపుకు పోయి మందు తెచ్చుకోవడం మన దగ్గర మామూలైపోయింది. ప్రయాణ ఖర్చులకు ప్రభుత్వ పింఛను కొంత ఆదుకుంటుంది. 2024 జూలై నుంచి మందులు వాడుతున్నవారికి అది నెలకు 4,000 రూపాయలు.

పుట్టుకతోనే వైరస్ సోకి, చిన్నప్పుడు ఇక్కడ సిరప్ తాగి పెరిగిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు, కొందరు ఉద్యోగాల కోసం బెంగళూరు, చెన్నై వెళ్లారు. వారికి ఇంకా నలభై, యాభై ఏళ్ల మందు మిగిలి ఉంది. వేరే ఊరికి బదిలీ కాగితం ఇవ్వడంలో ఈ కేంద్రం చాలా చురుకు, అదే రోజు ఇచ్చేస్తారు. చేరవలసిన చోట చేరారా లేదా అని ఫోను చేసి కనుక్కోవడం కూడా చూశాను.

మార్కులు వేయమంటే, మందు అందించడానికి తొమ్మిది, కౌన్సెలింగుకు ఎనిమిది, క్షయ విషయంలో తొమ్మిది, వైరల్ లోడ్‌కు ఏడు, షుగరు, బీపీ, గుండె, ఎముకలు, క్యాన్సరు పరీక్షలన్నిటికీ కలిపి నాలుగు. కొత్తగా చేరేవారు నిస్సంకోచంగా చేరవచ్చు. కార్పొరేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి కొన్నా మొదట రాసేది ఎక్కువగా డోల్యుటెగ్రవిర్ కలిసిన మందే. నలభై దాటినవారు, 2010కి ముందు మొదలుపెట్టినవారు మాత్రం కొంత పని తమ చేతుల్లోకి తీసుకోవాలి. వాడే ప్రతి మాత్ర ఖాళీ అట్ట ఒక సంచిలో వేసుకుని వెళ్లి ఫార్మసిస్టుకు చూపండి. బరువు చూస్తున్నప్పుడే బీపీ కూడా చూడమని నోరు తెరిచి అడగండి, ఆరు నెలలకొకసారి షుగరు చేయించి ఆ అంకెను పుస్తకంలో రాయించండి. ఆడవారైతే గర్భాశయ పరీక్షకు ఏ రోజు రావాలో నర్సును అడగండి. ఆసుపత్రిలోని ప్రసూతి విభాగంలో ఆ పరీక్షకు డబ్బు తీసుకోరు. ఉదయం తొమ్మిదిలోపు వెళ్తే రద్దీ తక్కువ, సోమవారం వెళ్లకండి. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పనక్కర్లేదు.